మూత మీద మూడు దెబ్బలు

ఆగయ్య నోరు మంచిది కాదు. ఆ సంగతి పాతబస్తీ శాలిబండలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. నీళ్ళు అయిదు నిమిషాలు ఆలస్యమైనాయేమని ఎవరైనా అడిగారా, ఇక వాళ్ళ పని అయినట్లే. "నేనేమన్న మూసీని జేబుల పెట్టుకొని తిరుగుతున్ననా?" అని ఇంతెత్తున లేచేవాడు. అయినా ఎవరూ తిరిగి ఒక్క మాట అనేవారు కాదు. ఎట్లా అంటారు? నీళ్ళ ఆఫీసులో లైన్‌మన్ అతను. ఇరవై ఆరేళ్ళుగా ఆ గల్లీకి నల్లా నీళ్ళు వదిలేది అతనే.

పొద్దున అయిదున్నరకు గల్లీ మొదట్లో ఉన్న ఇనుప మూత దగ్గరికి వచ్చేవాడు. భుజం మీద మనిషంత పొడుగున్న, వాల్వు తిప్పే ఇనుప చావి ఉండేది. మూత తీసే ముందు ఆ చావితో దాని మీద మూడు దెబ్బలు వేసేవాడు. ఠంగ్, ఠంగ్, కాస్త ఆగి ఠంగ్. అంతే, నలభై ఇళ్ళు ఒక్కసారి లేచేవి. ఇళ్ళ ముందున్న నల్లాల దగ్గర బిందెలు, బకెట్లు, తిట్లు, నవ్వులు! ఆ దెబ్బలు ఆఫీసువాళ్ళు నేర్పినవి కావు. అతని తండ్రి బీరయ్యది కూడా అదే కొలువు, ఆయనా అట్లాగే కొట్టేవాడు. ముసలాయన పోయినా చప్పుడు మాత్రం మారలేదు.

ఆ చప్పుడుకు అందరికంటే ముందు బయటికొచ్చేది జహీర్ సాబ్. చిరిగిన శాలువాలకు, పట్టుచీరలకు రఫూ చేసేవాడాయన. చిరుగు ఎక్కడుండేదో చీర కట్టుకున్న మనిషికే తెలియనంత సన్నటి పని. తెల్లవారుజాము ఫజర్ నమాజు చేసుకుని, తెల్ల టోపీతోనే బకెట్టు పట్టుకుని తయారుగా ఉండేవాడు. మొదటి బకెట్టు తనది కాదు, నడుం పట్టేసిన సుశీలమ్మది. కిరాణా కొట్టు సుశీలమ్మ గడప మీద అది పెట్టి వచ్చాకే తన ఇంటికి పట్టుకునేవాడు. ఆగయ్య ఎవరితోనైనా మెత్తగా మాట్లాడాడంటే అది ఆయన ఒక్కడితోనే.

ఇంట్లో మాత్రం భార్య నీలమ్మ పోరు పడలేకపోయేవాడు. ఆమె తమ్ముడు అమరనాథ్ ఊరి బయట జల్‌పల్లిలో చిన్న జాగా తీసుకుని రెండు గదులు వేసుకున్నాడు. పక్కన ఇంకో ముక్క ఉంది, వచ్చి కట్టుకోండని తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాడు. బస్తీలో ఎక్కడ కత్తిపోటు జరిగినా ఆ రోజు నీలమ్మ జల్‌పల్లి పాట ఎత్తుకునేది. పాపం, ఆమె తప్పేముంది? డెబ్భై ఎనిమిది కర్ఫ్యూ నుంచి చూస్తూనే ఉన్నారు. ఎక్కడో ఒక షట్టర్ దబాలున పడితే చాలు, బజారంతా పరుగు. పండగ వస్తుందంటే పిండివంటల కంటే ముందు బియ్యం, కిరసనాయిలు దాచుకోవడమే అలవాటైంది.

ఆ ఊరిని ఆగయ్య తిట్టినట్లు ఇంకెవరూ తిట్టలేదు. "థూ, కత్తులకు బుట్టిన ఊరు. మనిషికి విలువ లేని ఊరు" అని గల్లీ మధ్యలో నిలబడి ఉమ్మేసేవాడు. అదే మాట బయటివాడు అంటే ఊరుకునేవాడు కాదు. ఒకసారి భోజనాల దగ్గర అమరనాథ్ నోరు జారి, "పాతబస్తీ మనుషులుండే జాగనా బావా?" అన్నాడు. ఆగయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

"నేను దెబ్బ గొడితే నలభై తలుపులు తెర్సుకుంటయి. ఎవరు, ఏంది అని ఒక్కరు అడుగరు. నీ జల్‌పల్లిల నా మొఖం జూసి ఒక్క తలుపు తీస్తరారా?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆగయ్యకు ఆ ఊళ్ళో ఉన్న ఆస్తి ఆ తలుపులే.

ఎనభై మూడులో మళ్ళీ కర్ఫ్యూ పెట్టారు. ఆగయ్యకు పాస్ ఇచ్చారు కానీ వేళాపాళా లేదు. చౌరస్తాలో పోలీసులు ఎప్పుడు వదిలితే అప్పుడు వెళ్ళాలి, గల్లీకి పది నిమిషాలే. మొదటి రోజు మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి మూడు దెబ్బలు వేశాడు. ఎవరూ గబుక్కున రాలేదు. కిటికీ సందుల్లోంచి చూశారు, గుసగుసలాడుకున్నారు, గొళ్ళెం సగం తీసి మళ్ళీ వేశారు. నిదానంగా బయటికొచ్చేసరికి ఏడు నిమిషాలు అయిపోయాయి. గల్లీ చివరి ఇళ్ళలో బిందె అడుగు కూడా తడవలేదు. పసిపిల్లలున్న ఇళ్ళవి.

ఆగయ్యకు కడుపు మండిపోయింది. వాల్వు కట్టేసి గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ గొంతు చించుకున్నాడు.

"ఇగో, అందరు ఇనుండ్రి! రేపు ఏ యాళ్లకొస్తనో నాకే తెల్వది. మూడు దెబ్బలు ఇనవడంగనే తలుపు తీసి బయటికి రావాలె. సందులకెల్లి చూసుడు, ఎవరని అడుగుడు బంద్! ఆ సప్పుడు నాది. నేనుండంగ మీకేం ఫికర్?"

జహీర్ సాబ్ గడపలో నిలబడి నవ్వాడు. "చలో, ఆగయ్య భాయ్‌కా హుకుం హోగయా" అని లోపలున్న భార్యకు వినిపించేటట్లు అన్నాడు, ఆగయ్య ఆజ్ఞ అయిపోయిందని. ఆగయ్య కేకలు గల్లీ అంతా విన్నది. గల్లీలో వాళ్ళే విన్నారో, పక్క సందులో ఇంకెవరు విన్నారో, ఆ పూట ఆగయ్యకు ఆ ఆలోచనే రాలేదు.

మరునాడు చౌరస్తాలో కొత్త జవాను ఉన్నాడు, ఈ ప్రాంతం వాడు కాదు. పాస్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పక్కన కూర్చోమన్నాడు. పదకొండు దాటింది. ఎండ చుర్రుమంటోంది. ఆగయ్య లోలోపల వాడి ఏడు తరాలను తిడుతూ అరుగు మీద కూర్చున్నాడు.

అప్పుడు వినబడింది. ఠంగ్, ఠంగ్, కాస్త ఆగి ఠంగ్.

ఆగయ్య చెయ్యి తన భుజం మీదికి పోయింది. చావి అక్కడే ఉంది. మరి కొట్టిందెవరు?

"తీయకుండ్రి! తలుపు తీయకుండ్రి! నేను కాదు!" అని అరుస్తూ ఉరికాడు. జవాను లాఠీ అడ్డం పెట్టి ఛాతీ మీద తోశాడు. కింద పడ్డాడు, మళ్ళీ లేచాడు, మళ్ళీ అరిచాడు. చౌరస్తాకూ గల్లీకీ మధ్య రెండు మలుపులున్నాయి. ఇనుము చప్పుడు వచ్చినంత దూరం మనిషి గొంతు పోదు కదా, దేవుడా!

పోలీసులతో కలిసి అతను వెళ్ళేసరికి జహీర్ సాబ్ కత్తిపోట్లకు ప్రాణం పోయి నల్లా పక్కన పడి ఉన్నాడు. టోపీ కాలువలో పడింది. సుశీలమ్మకు నీళ్ళు పట్టే బకెట్టు దొర్లి గోడకు ఆనుకుంది. మూత పక్కన ఒక ఇనుప ముక్క పడి ఉంది. వచ్చినవాళ్ళు ఇద్దరట, మొహాలకు రుమాళ్ళు కట్టుకున్నారట. ఎవరో ఏమిటో గల్లీలో ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రకంగా చెప్పారు. వాళ్ళకు ఫలానా మనిషే కావాలని లేదు. ముందు ఏ తలుపు తెరుచుకుంటే ఆ తలుపే. ముందు తెరుచుకునేది ఎవరి తలుపో ఆగయ్యకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?

మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు పొద్దున కర్ఫ్యూ సడలించారు. అయిదున్నరకు మూత దగ్గర నిలబడ్డాడు. చెయ్యి అలవాటుగా లేచి, అక్కడే ఆగిపోయింది. కొట్టలేకపోయాడు. చప్పుడు కాకుండా మూత తీసి వాల్వు తిప్పాడు. నల్లాలన్నీ బుసబుసలాడి నీళ్ళు కక్కడం మొదలుపెట్టాయి. ఒక్కరూ రాలేదు. నీళ్ళన్నీ కాలువ పాలవుతున్నాయి.

"నీళ్ళొచ్చినయ్! రాండ్రి!" అని కేకేశాడు.

"ఎవరది?" మొదటి ఇంట్లోంచి వడ్రంగి దుర్గయ్య గొంతు.

"నేనేరా, ఆగయ్యను."

"ఆగయ్యన్నవైతే దెబ్బలేయవేందే?"

అడిగింది తెలిసిన మనిషే, చిన్నప్పటి నుంచి చూసిన మనిషే. ఆగయ్య పళ్ళు బిగించి చావి ఎత్తి మూత మీద వేశాడు. ఠంగ్, ఠంగ్. మూడోది వేసేలోపే ఎక్కడో ఒక ఆడమనిషి కెవ్వున అరిచింది. ఆ వెంటనే ఇంటింటా గొళ్ళేలు పడ్డ చప్పుడు. దుర్గయ్య ఇంట్లోనూ పడింది. ఇరవై ఆరేళ్ళు తెరుచుకున్న తలుపులు అతని చేతి చప్పుడుకే బిగుసుకున్నాయి.

ఏడుపు ఆపుకోలేకపోయాడు ఆగయ్య. ఏడుస్తూనే గోడ పక్కన పడి ఉన్న జహీర్ సాబ్ బకెట్టు తీసుకుని కడిగాడు, నింపాడు. సుశీలమ్మ గడప మీద పెట్టాడు. ఆ ఇంటి ముందున్న ఖాళీ బకెట్టు తీసుకుని మళ్ళీ నింపి జహీర్ సాబ్ గడప మీద పెట్టాడు. పరదా వెనక ఎవరో కదిలారు. జహీర్ సాబ్ భార్య మహబూబ్ బీ. ఇన్నేళ్ళలో ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడింది లేదు.

"ఉస్ దిన్ కౌన్ మారే భాయ్?" అని అడిగింది. ఆ రోజు దెబ్బలు కొట్టిందెవరని.

"మాలూం నై అమ్మా. నేను కాదు. ఖసమ్‌సే నేను కాదు."

ఆమె కోపం లేని గొంతుతో, "బిన్ పూఛే బాహర్ ఆవ్ బోల్కే తుమీచ్ బోలే నా?" అన్నది. అడక్కుండా బయటికి రమ్మన్నది నువ్వే కదా, అని.

ఆగయ్య బకెట్టు అక్కడే వదిలి, వాల్వు కట్టేసి ఇంటికి నడిచాడు. దారిలో ఇరానీ హోటల్ తెరుస్తున్నారు, మార్కెట్టుకు పూలబుట్టలు పోతున్నాయి. మల్లెల వాసన ఎప్పటిలాగే కమ్మగా ఉంది. ఇంత జరిగినా ఆ వాసన తనకు బాగున్నందుకు ఆగయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నీలమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చావి గోడకు ఆనించి, కిందపెట్టినప్పుడు చప్పుడు కాకుండా దాని కొసకు గోనెగుడ్డ చుట్టాడు. చుట్టి, దారంతో గట్టిగా కట్టాడు.

"అమరనాథ్‌కు కబురు వెట్టు. జల్‌పల్లి పోదాం" అన్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఆ మాట కోసమే పోరిన మనిషి, చేట పక్కన పెట్టి అతని మొహం చూసింది. సంతోషం ఎక్కడికి పోయిందో ఏమో, ఆమెకు ఏడుపొచ్చింది.

"పుట్టిన ఊరిడిసి ఉంటవా నువ్వు?"

"ఉండలేను."

"మరి? ఆడ నల్లాలు గిట్ల లేవయ్యా. బాయిల తోడుకునుడే. నీళ్ళొచ్చినయని పిలిచేటోడు సుత ఉండడు."

"గందుకే పోదాం" అన్నాడు ఆగయ్య.