మణికుమార్ కుర్చీ

మనం కూర్చునే చోటుకూ ఎక్కడో జరిగే ఆట ఫలితానికీ సంబంధం ఉందని చాలామంది నమ్ముతారు. ఈ దీవుల్లో, ఆస్టినాబాద్‌లోని మా ఇంట్లో ఆ నమ్మకానికి ఒక పేము కుర్చీ ఉంది. అబర్డీన్ బజార్‌లో నా జీతంతో కొన్నది. పేరు మాత్రం నా భర్త మణికుమార్‌ది. ఆయన పోయి రెండేళ్లయింది. క్రికెట్ రోజున అందులో ఎవరు కూర్చున్నా మన జట్టు ఓడిపోతుందట. అందుకని దాన్ని టీవీకి ఎదురుగా ఖాళీగా ఉంచి, పక్కన స్టూలు మీద ఆయనకొక కప్పు టీ పెట్టిస్తారు మా అత్తగారు కాశమ్మ. పెట్టేది నేను.

ముప్పై నాలుగేళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. చూసింది రాసిపెట్టుకోవడం అలవాటు. పదకొండు మ్యాచ్‌లు రాశాను. కుర్చీ ప్రతిసారీ ఖాళీయే. ఆరు గెలుపులు, ఐదు ఓటములు. ఓడిన ఐదుసార్లూ నేను టీవీకి అడ్డంగా నడిచానన్నారు. కారణం అంతుపట్టనిది ఒక్కటే: ఆట ముగిసేసరికి ఆ కప్పు ఖాళీ అవుతుంది. తాగామని ఎవరూ ఒప్పుకోలేదు. అడుగున తడి కూడా ఉండదు.

గెలిచినప్పుడు మరిది తిరుమలరావు అందరినీ కుర్చీ చుట్టూ నిలబెడతాడు. బ్యాటు ముట్టనివాళ్లంతా మనం గెలిచామంటారు. నేను దాన్ని ఎగతాళి చేయను. అన్ని గొంతులు ఒక్కటైనప్పుడు వంటింట్లో నా ఒళ్లూ జలదరిస్తుంది. అప్పుడతను ఫోటో తీయమని ఫోన్ నా చేతికిస్తాడు.

"వదినా, అన్నయ్య కుర్చీ కూడా రావాల. అందరం పడ్డామా?"

అందరూ పడ్డారనే చెబుతాను.

ఇవాళ ఆఖరి ఓవర్ మొదలైంది. ఎండ ఇంకా ఉంది. బజ్జీల పళ్లెం అందించి, వంటింటికి వెళ్లకుండా ఆ కుర్చీలో కూర్చున్నాను. పేము వెచ్చగా తగిలింది. ఎండ అటువైపు పడదు.

తిరుమలరావు టీవీ నుంచి ఇటు తిరిగాడు.

"లెగు వదినా. ఆరు బాల్స్‌కి తొమ్మిది గావాల. అభీ నహీ."

అత్తగారు నన్ను కాదు, నా భుజం పక్కగా చూస్తున్నారు. "మావోడు కూకున్నాడే అందులో."

"ముప్పయ్యేళ్లు ఒక్క మంచం మీద సర్దుకున్నాం, అత్తమ్మా. ఇందులోనూ సర్దుకుంటాం."

ఐదు బంతులు అయ్యాయి. ఆఖరి బంతికి రెండు పరుగులు కావాలి. తిరుమలరావు నా మోచేయి పట్టుకున్నాడు. నేను కుర్చీ చేతులు వదల్లేదు. అంతలో పక్కింటి గవరయ్యగారింట్లో కేకలు లేచాయి. వాళ్ల టీవీ మాదానికంటే కొన్ని క్షణాలు ముందుంటుంది. మా తెర మీద బౌలరు ఇంకా పరుగు మొదలుపెట్టలేదు. అందరమూ తెరను వదిలి గోడవైపు చూశాం. నా మోచేతి మీది చెయ్యి నెమ్మదిగా తొలగింది.

సాయంత్రం పుస్తకంలో రాసింది ఇది:

పన్నెండో మ్యాచ్. కుర్చీలో నేను. గెలుపు. ఫోటో తీసింది తిరుమలరావు; మధ్యలో నేనున్నాను. స్టూలు మీది కప్పు ఖాళీ. నేను దాన్ని ముట్టుకోలేదు.