మూసేసిన ఫిర్యాదు

రాయచూరు జిల్లా మస్కి దగ్గర, కాలువ కింద తెలుగు రైతులు స్థిరపడిన క్యాంపులో ఉంటూ పావని ఇంటి నుంచే ఒక కంపెనీకి పనిచేస్తోంది. అంబులెన్సులు పంపే సాఫ్ట్‌వేర్‌లో ఏ తప్పు కనిపించినా ఆ ఫిర్యాదు ముందు ఆమెకే వస్తుంది. ఏది ముందు సరిచేయాలో తేల్చడం ఆమె పని.

రాయచూరులో అంబులెన్సు ఫోన్లు ఎత్తే యల్లేశ్ ఒకరోజు ఆమెకు ఫోన్ చేశాడు.

"మేడం, ఒకే ఊరినుంచి ఇద్దరు ఫోన్ జేస్తే, రెండోదాన్ని గూడ మొదటిదే అనుకొని మూసేస్తున్నది. బండి ఒకటే పోతున్నది. బయల్దేరిందని మెసేజ్ మాత్రం ఇద్దరికీ పోతున్నది."

పావని దాన్ని అత్యవసరాల్లో పెట్టింది. పైఅధికారి ప్రమోద్ కిందికి దించాడు. "ఇక్కడ మేం చూస్తే అలా రావట్లేదు. కొత్త వెర్షన్ వెళ్ళాక చూద్దాం," అన్నాడు. ఆమె మళ్ళీ పైకి పెట్టింది. ఈసారి అతను ఫిర్యాదునే మూసేశాడు.

నాట్ల రోజుల్లో యల్లేశ్ నుంచి మరో ఫిర్యాదు వచ్చింది.

"ఊరు మల్లట్. ముందు ట్రాక్టర్ బోల్తా పడిందని ఫోన్. తర్వాత కాన్పు నొప్పులని ఫోన్. రెండోది మూసుకుంది. పేషెంటు మా చెల్లె సుప్రీత. పోయింది. బిడ్డ గూడ."

పావని ప్రమోద్‌కి ఫోన్ చేసింది.

"పాతదానికి కలిపి మూసెయ్," అన్నాడు ప్రమోద్.

"నేను మూయనండీ," అని ఫోన్ పెట్టేసింది.

తప్పు సరిచేశారని తెలిశాక బస్సెక్కి మల్లట్ వెళ్ళింది. గడపలో సుప్రీత తల్లి హుచ్చమ్మ కూర్చుని ఉంది.

"ఈ తప్పు సంగతి నాకు ముందే తెలుసమ్మా. సరిచేయించలేకపోయాను," అంది పావని.

హుచ్చమ్మ ఆమెను తిట్టలేదు.

"బండి బయల్దేరిందని ఫోన్ల మెసేజ్ వచ్చె బిడ్డా. దాన్నే నమ్మితిమి. పక్కింట్ల ఆటో ఉండె. వద్దు, బండి వస్తున్నదని నేనే అంటి."

పావని ఆమె పక్కనే కూలబడి ఏడ్చింది.

యల్లేశ్ లోపలినుంచి వచ్చాడు. "ఇప్పుడు సరైందా మేడం?"

"అయిందండీ."

"ఎంతసేపు పట్టె?"

చెప్పకుండా ఉండాలనుకుంది. అతను అలాగే నిలబడి చూస్తున్నాడు.

"ఒక్క పూట," అంది.

యల్లేశ్ గోడవైపు తిరిగి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.