శేషన్న టవలు తడవలేదు

రాయచోటి బస్టాండు వెనక మట్టి పరీక్షలు చేసే నాగలత పొద్దున్నే వచ్చి ఓవెన్ వేస్తుంది. మన్నును తూచి లోపల పెడుతుంది. ఎండినాక చల్లారనిచ్చి మళ్లీ తూస్తుంది. తగ్గిన బరువే అందులోని తేమ. వేడి మీద తూస్తే లెక్క తప్పుతుందని కొత్తగా చేరినవాళ్లకి చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది.

మన్ను తెచ్చినవాళ్లు భుజాన పొడి టవలు వేసుకుని బెంచీ మీద కూర్చోవాలి. మన్నులోంచి పోయిన నీళ్లు ఆ టవల్లోకి వస్తాయి. దాన్నీ తూచి, రెండూ సరిపోతేనే నాగలత సంతకం పెడుతుంది. ఇందులో వింతేముంది, పోయిన నీళ్లు యాడికో ఒకచోటికి చేరాల కదా.

ఒక్కసారే లెక్క తప్పింది. ముగ్గురాయి గని మేస్త్రీ ఒకాయన రాయి తెచ్చాడు. ఆయన టవలు పొడిగానే ఉండిపోయింది. ఆ పూట గనిలో ఒక కూలీ మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి తడిసిపోయాడంట. వారం తిరక్కుండా ఆ రాళ్ల కిందే పోయాడు. అది తలుచుకుంటే నాగలతకి ఇప్పటికీ అన్నం సయించదు.

ఈ మే నెలలో వేంపల్లె నుంచి శేషన్న వచ్చాడు. చీనీతోట ఎండిపోతాందన్నాడు. పాతబావి అడుగున తేమ ఉంటే మర్నాడే కొడుకు బసవరాజు దిగి పూడిక తీస్తాడంట. అందుకే బొక్కెన వదిలి అడుగుమట్టి లాగి తెచ్చాడు.

మన్ను బరువు బాగా తగ్గింది. శేషన్న మొహం విప్పారింది. నాగలత అతని టవలు తాకి చూసింది. పొడిగా ఉంది. తొందరపడి వేడి మీద తూచానేమో, దేవుడా అట్లే కావాల అనుకుంటూ, బాగా చల్లార్చి మళ్లీ తూచింది. లెక్క మారలేదు.

"మామా, నీతో ఎవరొచ్చినారు?"

"మావాడేమ్మా. బయట బండికాడ ఉండాడు."

బసవరాజు బైకు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తలనుంచి నీళ్లు కారుతున్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. దగ్గరికి పోతే పాతబావి వాసన. వానికి చలిగా ఉందంట.

శేషన్న కొడుకు చొక్కా కొస పట్టుకుని పిండాడు. బురదనీళ్లు కారినాయి. గని సంగతి ఈ పక్కల తెలియనోళ్లు లేరు.

"చెట్లు పోతే పోనీ," అన్నాడు శేషన్న. "నువ్వు ఆ బావిలోకి దిగేది లేదప్పా."

బసవరాజు ఎదురు చెప్పబోయాడు. పండ్లు టకటకలాడి మాట రాలేదు.

ఆ సాయంత్రమే శేషన్న ట్రాక్టరుతో మన్ను తోలించి బావి పూడ్పించాడు. నేల చదునయ్యేదాకా బసవరాజు చొక్కా ఆరలేదు.

తోటంతా ఎండి కట్టె అయింది. ఆఖరి చెట్టు కొట్టేనాడు బసవరాజు మొహమంతా తడిగా ఉండటం చూసి శేషన్న గొడ్డలి పారేసి ఉరికాడు. కొడుకు నుదురు తాకాడు. వెచ్చగా ఉంది, ఉత్త చెమట. అక్కడే కూలబడి ఏడ్చాడు.