నెమలికంఠం ముసుగు

టీవీలో ఆ ముసుగు చుట్టూ ఎర్రగీత గీసి చూపిస్తుంటే ఊరంతా ముక్కున వేలేసుకుంది. నేను మాత్రం గుడ్డను గుర్తుపట్టాను. కుట్టుమిషను మీద కాలు అలాగే ఆగిపోయింది.

తుఫాను అని పేరు పెట్టుకున్న ర్యాపర్ కొత్త వీడియో అది. నాలుగు బూతులు, రెండు కార్లు, ఒక ఈతకొలను, దాని గట్టు మీద జానెడు గుడ్డలు కట్టుకుని ఆడే ఆడపిల్లలు. ఆ జానెడు గుడ్డలన్నీ కుట్టింది నేనే. అంత తక్కువ గుడ్డతో అంత ఎక్కువ పని నా జన్మలో చెయ్యలేదు. అందరికంటే ముందు నిలబడి ఆడింది నా చెల్లెలు.

వీడియో వచ్చీ రాగానే గోల మొదలైంది. నిషేధించాలని కొందరు, కళ అని కొందరు. ఆ తిట్టేవాళ్ళు కూడా ఆపి ఆపి, పెద్దది చేసి మరీ చూపించి తిడుతున్నారు. "ఎవరీ ముసుగు పిల్ల?" అని ఛానెల్ వాళ్ళ ప్రశ్న. చూసి తిట్టడంలో ఉన్న సుఖం చూడకుండా తిట్టడంలో లేదు కాబోలు.

చెల్లెలు పిల్లలకు డాన్స్ నేర్పుతుంది. జడ్జిగారికి అదే చెప్పింది. కూతురు ఎవరి దగ్గర పెరగాలన్న కేసు చివరికొచ్చింది. ఈ వీడియో సంగతి అవతలి వకీలు చెవిన పడితే పిల్ల మనకు దక్కదని మా వకీలు ముందే హెచ్చరించాడు. కానీ కేసు ఖర్చులకు డబ్బు కావాలి, అందుకే మొహం కనపడకూడదన్న షరతు మీద చెల్లెలు ఒప్పుకుంది. డాన్స్ మాస్టర్ మంచివాడు, ఆడేవాళ్ళందరికీ ముసుగులు పెట్టించాడు. నల్ల శాటిన్ తెచ్చిచ్చాడు, కుట్టిచ్చాను. తీరా షూటింగు నాటి పొద్దున్నే ఫోన్ చేసి, "ముందున్న అమ్మాయిది వేరే రంగు కావాలమ్మా, కెమెరాలో కలిసిపోతోంది" అన్నాడు. ఆ వేళకి కొట్లు తెరవలేదు. పీలికల సంచిలో చెయ్యి పెట్టాను.

మా పనిలో మంచి గుడ్డముక్కను పారేసేవాళ్ళు ఉండరు. చేతికి నెమలికంఠం రంగు పట్టు తగిలింది, మధ్యమధ్య వెండి చుక్కలతో. ముసుగుకు సరిగ్గా సరిపోయింది. నా పొదుపుకు నేనే మురిసిపోయాను కూడా. అది మా పిచ్చుక పుట్టినరోజు గౌను కుట్టగా మిగిలిన ముక్క అని ఆ హడావుడిలో తట్టనే లేదు. పిచ్చుక అంటే చెల్లెలి కూతురే, ఒకటో తరగతి.

ఇప్పుడు ఆ పిచ్చుక తండ్రి ఇంట్లో ఉంది. శని, ఆదివారాలు అక్కడే ఉండాలని కోర్టు చెప్పింది. ఆ ఇంట్లో హాల్లో టీవీ పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది.

"ఫోన్ చెయ్యనా అక్కా?" అంది చెల్లెలు. దాని పెదాలు తెల్లబడిపోయాయి.

"చేసి ఏమంటావు? టీవీ కట్టెయ్యమంటావా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది."

"అది చిన్నపిల్ల. నా గౌను గుడ్డే అని గంతులేస్తుంది. దానికేం తెలుసు."

నా భయమూ అదే. పిచ్చుక తండ్రి, మా మరిది, కేకలు వేసే మనిషైతే ఇంత భయపడేదాన్ని కాదు. చొక్కా మడత నలగదు, గొంతు లేవదు. చెల్లెలు విడిగా వచ్చేసిన రోజున కూడా, "వదినా, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి" అని మాత్రం అన్నాడు. మరుసటి వారమే కోర్టు కాగితం వచ్చింది.

ఆ రెండు రోజులూ నేను ఒక్క కుట్టు సరిగ్గా వెయ్యలేదు. ఒకావిడ జాకెట్టుకు రెండు చేతులూ ఒకవైపువే కుట్టాను. చెల్లెలు వంటింట్లోకి ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి వెనక్కి వచ్చేది. వీధిలో స్కూటర్ చప్పుడైతే ఇద్దరం కిటికీ దగ్గర ఉండేవాళ్ళం.  

ఆదివారం సాయంత్రం మరిది పిల్లను తీసుకొచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు, ఎప్పటిలాగే.

"బాగానే తింది వదినా. ఏమిటో, రెండు రోజులుగా మాట తక్కువైంది" అన్నాడు. చెల్లెలి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో ఏముందో వెతికి వెతికి నాకు చెమటలు పట్టాయి. స్కూటర్ చప్పుడు వీధి మలుపు దాటేదాకా ముగ్గురం కదల్లేదు.

అప్పుడు పిచ్చుక తలుపు తనే వేసింది. బట్టల సంచి నేల మీద పెట్టి, అడుగు నుంచి అద్దం కట్టిన ఫోటో తీసింది. పుట్టినరోజు ఫోటో. నెమలికంఠం గౌను వేసుకుని నవ్వుతోంది అందులో.

"ఇదెక్కడిదే?" అన్నాను.

"నాన్న హాల్లోది. టీవీ పక్కన ఉంటుంది కదా. టీవీలో అమ్మ వచ్చింది. నాన్న ఆపేసి, దగ్గరికెళ్ళి చూశాడు. నాన్నకి గుర్తు రాలేదు. మళ్ళీ చూస్తే వస్తుందని తీసేశాను."

చెల్లెలు నేల మీద కూలబడింది. "అమ్మ అని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నా గౌనే కదా. మామ్మ టీవీలో ఆమెని బాగా తిట్టింది. నేను కూడా తిట్టాను, తెలియకూడదని."

 గంతులేస్తుందని భయపడ్డాం. మాకంటే గట్టిగా భయపడి, మాకంటే తెలివిగా నటించి వచ్చింది. దాని చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి.

అంతలో స్కూటర్ చప్పుడు వెనక్కి వచ్చింది. మరిది తలుపు తట్టాడు. తీసింది నేనే. ఫోను ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"మా అమ్మ ఫోన్ చేసింది. టీవీ పక్కన ఫోటో లేదట" అన్నాడు. వంగి పిల్లతో, "నువ్వు తీశావా తల్లీ? తీస్తే ఏం కాదు. ఎందుకు తీశావో చెప్పు" అన్నాడు మెత్తగా.

"నేను తియ్యలేదు."

ఫోటో దాని వెనకే ఉంది, సంచి మీద బోర్లా. అది రెండు చేతులూ చాచి కనపడకుండా నిలబడింది.

"నేను ముట్టుకోలేదు నాన్నా. దొంగ వచ్చాడేమో. మామ్మ పడేసిందేమో." మాట వెనక మాట తెచ్చుకుంటోంది.  గౌను తడిసి కాళ్ళ వెంట కారుతోంటే తనకే తెలియలేదు.

నేను ఏదో ఒకటి అల్లి చెబుదామని నోరు తెరిచాను. పిల్ల చేజారిపోతుందన్న భయం ముందు నాకు మంచీ చెడూ ఏమీ లేదు. అంతలో చెల్లెలు లేచి, పిల్లను పక్కకు జరిపి, ఫోటో తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ ముసుగు ఇదే గుడ్డ. వేసుకుని ఆడింది నేనే. కోర్టులో చెప్పుకో. దాన్ని మాత్రం ఇంక అడక్కు."

ఆయన ఫోటో వైపు చూడలేదు. పిల్ల వైపు చూశాడు. పిచ్చుక ఆయన ప్యాంటు పట్టుకుని లాగుతోంది.

"అమ్మ కాదు నాన్నా. అమ్మ అబద్ధం చెప్తోంది. ఆ గౌను నేను ఎవరికో ఇచ్చేశాను. నేనే ఇచ్చాను, అమ్మ కాదు."

ఆయన తడి నేల మీదే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని చేతులు విడదీయబోతే అది ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆయన మొహం ఎత్తి నన్ను, చెల్లెల్ని చూశాడు. గొంతు మొదటిసారి పైకి లేచింది.

"ఇంతపిల్ల ఇంత భయం ఎక్కడ నేర్చుకుంది వదినా?"

మేం ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం.  పిచ్చుక మాత్రం ఇంకా చెబుతూనే ఉంది, అమ్మ కాదు, అమ్మ కాదు అని.