గుర్రాల దగ్గరున్నవాడు

చచ్చినవాళ్ల జేబులు వెతకడం ఫింటన్ మొరోనీకి అలవాటు. ఆటలో అని చేర్చడం న్యాయం కాబట్టి చేరుస్తున్నాను.

ఆదివారం చర్చిలో రెండో పూజ అయ్యాక, మా కిల్‌రష్ ఊరి పారిష్ హాలు వెనక గదిలో మేం బల్ల చుట్టూ చేరతాం. ఒకప్పుడు వీళ్లకు బడిలో పాఠాలు చెప్పాను, ఇప్పటికీ నన్ను మిస్ అనే పిలుస్తారు. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. అడవులూ, గుహలూ, రాక్షసులూ నేను చెబుతాను. తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్లు చెబుతారు. అది నెగ్గిందో లేదో పాచిక తేలుస్తుంది. రాక్షసుడి ఒళ్లు నేలను తాకకముందే ఫింటన్ అందుకుంటాడు: "వాడి దగ్గర ఏముంది, మిస్?" పక్కన స్నేహితుడు గాయపడి మూలుగుతున్నా అతనికి పట్టదు. గుహల్లో కొవ్వొత్తులు పీకాడు, తలుపుల ఇత్తడి గొళ్లేలు ఊడదీశాడు, ఒకసారి సమాధి మీది పూలకుండీ కూడా సంచిలో వేసుకున్నాడు. ఎందుకని అడిగితే ఎప్పటికైనా పనికొస్తుందనేవాడు. ఏదీ పనికి రాలేదు. బయట అతను ఇళ్లు అమ్మిపెట్టే వ్యాపారం చేస్తాడు. అక్కడ ఎలా ఉంటాడో నేను విచారించలేదు.

మిగిలినవాళ్లు ముగ్గురు. మందుల షాపు ఎట్రాక్టా క్యూసాక్ ఎవరితోనూ చెడకుండా బతకడమే మంచితనమని నమ్మిన మనిషి. డోనా టబ్రిడీ కౌంటీ రోడ్ల ఆఫీసులో పనిచేస్తాడు. అతనికి ఎట్రాక్టా అభిప్రాయమే అభిప్రాయం. మాలకీ హెహిర్ బడి బస్సు నడుపుతాడు. ఆటలో అతను కవచం తొడుక్కుని, గద పట్టుకుని, అందరికంటే ముందు దెబ్బలు కాచుకునే యోధుడు. బయట కూడా పెద్ద తేడా లేదు.

మా బల్ల దగ్గర ఒక ఆచారం ఉంది. ఎవరైనా రాలేకపోతే వాళ్ల పాత్ర గుడారం దగ్గర గుర్రాలకు కాపలా ఉంటుంది. శత్రువు అటు రాడు. తోడేళ్లు రావు. తిరిగి వచ్చిన రోజున ఆ మనిషి లేచి, ఒళ్లు విరుచుకుని, ఆటలో చేరతాడు. ఇలాంటి ఆటలాడే బల్లలన్నింటిదీ దాదాపు ఇదే ఆచారం. హాలు తలుపు దగ్గరి పవిత్రజలానికి ఎంత మర్యాద ఉందో దీనికీ అంతే ఉండేది.

ఫిబ్రవరిలో మాలకీ వెన్నుకు ఆపరేషన్ కోసం లిమరిక్ వెళ్లాడు. వెళ్లేముందు ఫింటన్‌కు ఒక పని అప్పజెప్పాడు. ఇద్దరికీ ఫోన్లో ఆడే కార్డుల ఆట ఒకటి ఉంది. రోజూ ఒకసారి తెరవకపోతే ఆ రోజు రావలసిన కార్డులు రాకుండా పోతాయి. మాలకీ ఏళ్ల తరబడి ఒక్కో కార్డే గెలుచుకుంటూ పేక తయారు చేసుకున్నాడు. మత్తుమందు ఇచ్చాక తెరవగలనో లేదోనని తన పాస్‌వర్డ్ ఫింటన్‌కు ఇచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారమే ఫింటన్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"మాలకీ గుర్రాల దగ్గర పడుకునున్నాడు కదా, మిస్. పడుకున్నోడికి కవచమెందుకు? నేనేసుకుంటా. ఆ గద కూడా."

"అతను నీ స్నేహితుడు, ఫింటన్."

"అందుకేగా ఏమీ అనుకోడు."

ఆట నడిపేవారికి శత్రువుల మీద ఎంత అధికారమైనా ఉంటుంది. సహచరుల మధ్య వ్యవహారాన్ని మాత్రం సహచరులే చేతులెత్తి తేల్చుకోవాలి. మొదటి నుంచీ మేం పెట్టుకున్న నియమమది. నేను మిగిలిన ఇద్దరి వైపు చూశాను.

ఎట్రాక్టా టీ కలుపుకుంటోంది. "మాలకీ వచ్చాక ఇచ్చేస్తాడులెండి, మిస్. దీనికోసం గొడవెందుకు?"

"కథ ముందుకి పోనివ్వండి," అన్నాడు డోనా.

ఇద్దరూ చేతులెత్తారు. ఎట్రాక్టా చెంచా పట్టుకున్న చేతినే ఎత్తింది. ఇంకో చెయ్యి ఖాళీగానే ఉంది, కానీ దానికి అంత శ్రద్ధ కావాలి. పడుకున్న మనిషి ఒంటి మీద చొక్కా మాత్రం మిగిలింది. రెండు వారాలు తిరగకుండానే ఫింటన్ కవచాన్నీ గదనూ ఆటలోని సంతలో అమ్మి తెల్ల గుర్రం కొన్నాడు. ఆ గుర్రాన్నీ దారిలో అమ్మేశాడు.

ఈస్టర్ తర్వాత మాలకీ చేతికర్రతో వచ్చాడు. ఎట్రాక్టా అతని బుగ్గ మీద ముద్దు పెట్టి, ఎండుద్రాక్షలు వేసిన బ్రాక్ రొట్టెకు దండిగా వెన్న రాసి ఇచ్చింది. కవచం సంగతి నేనే చెప్పాను. అతను నవ్వాడు.

"చొక్కాతో యుద్ధమా? గాలైనా తగులుతుందిలెండి." కుర్చీ లాగాడు గానీ కూర్చోలేదు. "అది ఆట. ఇంకోటుంది. ఆస్పత్రిలో కాస్త తేరుకున్నాక ఫోన్ తెరిచాను, ఫింటన్. నా పేకలో ఒక్క మంచి కార్డు లేదు."

"ఆ, అదా," అన్నాడు ఫింటన్. "ఊరికే పడుంటే ఏం లాభంరా? ఎన్నిస్‌లో పోటీ జరిగింది, అవి నా పేకలోకి వచ్చాయి. తర్వాత వేరేవాళ్లతో మార్పిళ్లు నడిచాయి. అలా అయిపోయింది."

"చూసుకోమని ఇచ్చాను."

"చూసుకున్నానుగా. రోజూ తెరిచాను. ఒక్క రోజు మానలేదు."

కన్నం వేసే ఇంటికి రోజూ క్రమం తప్పకుండా వెళ్లానని గొప్ప చెప్పుకునే దొంగను నేను అదే మొదటిసారి చూడడం.

మాలకీ రెండు చేతులూ కర్ర మీద ఆనించాడు. "కార్డులు తిరిగి రావని తెలుసు. నాకక్కర్లేదు కూడా. నువ్వు తీసుకున్నావని ఇక్కడ, వీళ్ల ముందు చెప్పు. చెబితే కూర్చుంటా. లేకపోతే ఇంటికి పోతా, ఇంక ఈ గదికి రాను."

"నీకు బాధ కలిగుంటే సారీ రా."

"బాధ సంగతి నేనడగలేదు."

"ఆటలో నా బంగారం సగం ఇస్తా. పోనీ మూడొంతులు."

"బంగారం కూడా అడగలేదు."

"మాలకీ, నాన్నా," అంది ఎట్రాక్టా, "ఇప్పుడే ఆపరేషనయి వచ్చావు. మనసు పాడుచేసుకోకు. ఫోన్లో బొమ్మలే కదా అవి."

"వదిలెయ్‌రా," అన్నాడు డోనా.

మాలకీ టోపీ అందుకున్నాడు. దోచుకున్నవాడి కుర్చీ వెచ్చగా ఉంది, దోపిడీకి గురైనవాడు వానలో బస్టాపుకు నడవబోతున్నాడు, దానికి శాంతి అని పేరు పెట్టడానికి ఇద్దరు పెద్దమనుషులు సిద్ధంగా ఉన్నారు. చిన్నప్పుడు మాకు చదువు చెప్పిన మదర్ ఇమాక్యులేటా ఇలాంటి శాంతిని చెత్త మీద కప్పిన తివాచీ అనేది.

"మాలకీ, కూర్చో," అన్నాను. "చేతులెత్తి తేల్చే విషయాలు మీవి. ఎవరి వంతు ఎప్పుడో పిలిచే పని నాది. దానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఫింటన్, నువ్వు ఆ మాట చెప్పేదాకా నీ వంతు రాదు."

"అంటే నన్ను పొమ్మంటున్నారా, మిస్?"

"ఉండు. టీ తాగు. వంతు మాత్రం రాదు."

మాలకీ కూర్చున్నాడు.

ఫింటన్ వెళ్లిపోతాడనుకున్నారు. వెళ్లలేదు. ఎన్నిస్‌లో ఉన్న బల్లవాళ్లు అతన్ని అంతకుముందే పంపించేశారు. ఊళ్లో ఇంకో బల్ల లేదు. ప్రతి ఆదివారం వచ్చేవాడు. పాచిక మాలకీ దగ్గర నుంచి అతన్ని దాటుకుని ఎట్రాక్టా చేతికి పోయేది. అతని పాత్ర ఒక వంతెన మధ్యలో ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడి ఉంది. చొక్కాతో ఉన్న మాలకీ ఎక్కడో దొరికిన పారతో రాక్షసులను కొడుతూ, దాని పక్కనుంచే నడిచి పోయాడు. ఫింటన్ వెన్న అంతా తినేసేవాడు, బల్ల కింద ఫోన్లో కార్డులు ఆడేవాడు, మధ్యలో వాదించేవాడు. ఫోన్ కంపెనీ తప్పన్నాడు. పాస్‌వర్డ్ ఇచ్చిన మాలకీ తప్పన్నాడు. తన తల్లి పెంపకం తప్పని కూడా అన్నాడు. నేనా తల్లిని ఎరుగుదును. ఆమె చాలా మంచి మనిషి. ఆ పూట నేను అతని కప్పులో టీ పోయలేదు.

"ఇది క్రూరం, మిస్," అంది ఎట్రాక్టా నా కోటు అందిస్తూ. "ఎన్నాళ్లని కూర్చోబెడతారు?"

"అతను ఎన్నాళ్లు కూర్చుంటే అన్నాళ్లు."

మే నెలలో వాళ్లు రాక్షసుల కోటకు చేరారు. లోపల నిధి ఉంది. నేను దాన్ని తాపీగా వర్ణిస్తూ, ఒక్కో వస్తువుకూ దాని బొమ్మ చెక్కిన చిన్న బిళ్లను బల్ల మీద పెట్టాను. వెండి పళ్లేలు, మొలలో పెట్టుకునే బాకులు, పచ్చలు పొదిగిన గుర్రపు జీను. పంపకం మొదలయింది. వెండి డోనాకు పోయింది. బాకులు ఎట్రాక్టా తీసుకుంది. జీను మీదికి మాలకీ చెయ్యి పోతుండగా ఫింటన్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నేనే తీశాను."

"ఏమిటి తీసింది?" అన్నాను.

"మాలకీ కార్డులు. వాడు ఆస్పత్రిలో ఉంటే, అడక్కుండా. కవచం కూడా నేనే."

"ఎందుకురా?" అన్నాడు మాలకీ. కోపంగా అడగలేదు.

ఫింటన్ జీను వైపే చూస్తున్నట్టు చూశాడు. బల్ల మీద జీనేమీ లేదు, బిళ్లలూ పాచికలూ రొట్టె పొడీ ఉన్నాయి. "నువ్వు చూడట్లేదు కదా," అన్నాడు.

ఆ గదిలో అతను నిజం చెప్పడం అదే మొదలు. పచ్చలు చూసి చెప్పాడని నాకు తెలుసు. అయినా నిజం నిజమే. మాలకీ తల ఊపి పాచికను అతని ముందుకు తోశాడు. ఫింటన్ వంతెన దాటాడు.

"ఇంక నా వంతు," అంది ఎట్రాక్టా, ఊపిరి పీల్చుకుని. "అమ్మయ్య. అందరం బాగున్నాం."

నేను పిలవలేదు.

"మిస్, నా వంతు."

"ఆ రోజు రెండు చేతులు లేచాయి, ఎట్రాక్టా."

"మేమేం తీసుకోలేదే."

"లేదు. తీసుకోమన్నారు."

డోనా అలవాటు కొద్దీ ఆమె ముఖం చూశాడు. అక్కడ ఏమీ దొరక్క మాలకీ వైపు తిరిగాడు. "నేనెత్తానురా చెయ్యి. ఎత్తకుండా ఉండాల్సింది." మాలకీ అతని భుజం తట్టాడు.

ఎట్రాక్టా బాకులు చెక్కిన చిన్న బిళ్లలను బల్ల మధ్యలోకి నెట్టింది. "నా జీవితంలో ఎవరికీ హాని చెయ్యలేదు నేను," అంది. వానకోటు తొడుక్కుని, బొత్తాములన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని, బయటికి నడిచింది.

తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఫింటన్ చెయ్యి చాచి ఆమె పళ్లెంలో మిగిలిన బ్రాక్ ముక్క తీసుకున్నాడు.

"మాలకీ, నీ వంతు," అన్నాను.