ఇల్లు పూర్తి కాలేదు

మొదటి సుత్తి దెబ్బ మేస్త్రమ్మ ఇంటి మీద పడింది. కొట్టింది పరాయివాడు కాదు, ఆమె సొంత తమ్ముడు. ఆమె దగ్గరే తాపీ పట్టడం నేర్చుకుని, ఇప్పుడు కాంట్రాక్టరు కింద ముఠా మేస్త్రీగా తిరుగుతున్నాడు. గోడ పెళ్ళలు ఎగిరొచ్చి పొయ్యి మీది ఎసట్లో పడ్డాయి. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ రోజు మేమంతా చూస్తూ నిలబడ్డాం.

ఆ ఇళ్ళు మాకు ఎవరూ దయతలిచి ఇవ్వలేదు. స్థలాల కోసం నెలన్నర తాసీల్దారు ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నాం. మా నేల మట్టినే మా కాళ్ళతో తొక్కి, అచ్చుల్లో పోసి, ఎండబెట్టిన ఇటుకలతో నలభై ఇళ్ళు కట్టుకున్నాం. పునాది మూడు గదులకి వేసి, ముందు ఒక గదే లేపాం. గోడ చివర ఇటుకలు ఒక వరస బయటికి, ఒక వరస లోపలికి వదిలాం. కొడుక్కి పెళ్ళయితే రెండో గది గోడ అక్కడే వచ్చి అల్లుకుంటుంది.

బయటికొచ్చిన ఆ ఇటుకల్నే కాంట్రాక్టరు కొట్టించేస్తున్నాడు. గోడ నున్నగా పూసి, 'ఇల్లు పూర్తయింది' అని మా చేత సంతకం పెట్టిస్తే, వెనక పునాదుల స్థలం ఖాళీ జాగా లెక్కలో అతని చేతికి పోతుంది. పైవాళ్ళతో అన్నీ మాట్లాడుకున్నాడు. అక్కడ సిమెంటు గదులు కట్టి మాకే అద్దెకిస్తాడట!

మధ్యాహ్నం ఇటుకల పాకలో మీటింగు పెట్టాం.

"సంతకం పడేద్దాం. ఉన్న గదైనా మిగులుతుంది," అన్నాడు బండి తోలే పెద్దాయన.

"నీకేం, ఒంటిగాడివి," అంది బాలింతలకి స్నానాలు పోసే అవ్వ. "మా గదిలో ఎనిమిది మందిమి. కొత్త కోడలు కాళ్ళు చాపుకోవాలంటే నేను లేచి కూర్చోవాలి. నీ సంతకం నా నడుముకి పట్టీ అవుతుందా?"

అందరూ నవ్వారు. మేస్త్రమ్మ నవ్వలేదు.

"మన మట్టితో మనమే కట్టుకుంటే వాడి సిమెంటు ఎవరు కొంటారు? వాడి కడుపుమంట అదీ. ఒక్క గోడ లేస్తే పడగొట్టడానికి ఒక్క సుత్తి చాలు. నలభై గోడలూ ఒక్కరోజే లేపుదాం."

"పోలీసుల్ని తెస్తాడు," అన్నాడు పెద్దాయన.

"తెస్తాడు. తేడని నేనన్నానా?"

వారం రోజులు మట్టి తొక్కాం. ఎనిమిదో రోజు పొద్దున్నే నలభై పునాదుల మీదా దారాలు కట్టాం. మొదటి తట్ట ఎత్తింది బండి పెద్దాయనే. పచ్చిగోడని రోజుకి మోకాలెత్తు మించి లేపకూడదు, కింది వరసలు ఆరాలి. ఆ మోకాలెత్తు అయ్యేసరికి కాంట్రాక్టరు, వాడి ముఠా, పోలీసులు జీపుల్లోంచి దిగారు.

"ఆక్రమణ! పడగొట్టండిరా!" అని కాంట్రాక్టరు అరిచాడు.

ముఠా కదల్లేదు. సుత్తి పట్టుకున్న ఒకామె నింపాదిగా దాన్ని నేల మీద పెట్టింది. "మా ఊళ్ళోనూ ఇలాంటి ఒంటిగదే అయ్యా. నేను కొట్టను." రెండో సుత్తి దిగింది. మూడోది కూడా. మిగిలింది తమ్ముడొక్కడే.

"అక్కా, పక్కకి జరుగు. నా కూలి పోతుంది."

"గోడెలా కట్టాలో నేర్పాను కదరా నీకు. పడగొట్టడం ఎవడు నేర్పాడు?"

వాడు సుత్తి ఎత్తాడు. ఆమె జరగలేదు. మేం నూటయాభై మందిమి వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాం. సుత్తి గాల్లోనే ఆగిపోయింది.

పోలీసులు మేస్త్రమ్మని జబ్బ పట్టి లాగారు. తాపీ వదలకపోతే వేళ్ళు విరిచి లాక్కున్నారు. జీపెక్కిస్తుంటే ఆమె వెనక్కి తిరిగి అరిచింది: "కిటికీ దగ్గర కొలత చూసుకోండి! కోపంలో వంకరగా కట్టేరు!"

ఆమె ఇంకా లోపలే ఉంది. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. వాయిదా ఉన్న రోజు సగం మందిమి కోర్టు ముందుంటాం, మిగతా సగం గోడ మీదుంటాం. సుత్తులు దించిన ముఠావాళ్ళని కాంట్రాక్టరు పనిలోంచి తీసేశాడు, వాళ్ళిప్పుడు మాతోనే కడుతున్నారు. నాలుగో రోజు తమ్ముడొచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. ఎవరూ పలకరించలేదు. అవ్వ మాత్రం మట్టి తట్ట తెచ్చి వాడి చేతుల్లో పెట్టింది.

నిన్న ఆఫీసు జవాను నోటీసులు తెచ్చాడు. పది రోజుల్లో పడగొట్టాలట. జిగురు రాసి కొత్త గోడకి అంటించాడు. కాగితం జారి కింద పడింది. మళ్ళీ అంటించాడు, మళ్ళీ పడింది.

"పచ్చిగోడ బాబూ, పట్టదు," అంది అవ్వ, పై వరసకి ఇటుక అందిస్తూ. "కాస్త జరుగు, పనికి అడ్డం."