నాలుగు గొట్టాల చప్పుడు

చినదొర జగపతికి మోటరు పందెం పిచ్చి పట్టేనాటికి ఊళ్లో నాతో మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు. దొర గడీలో పనిచేసేవాళ్లతో ఎవరూ మాట కలపొద్దని, దొర మీద తిరగబడ్డ సంఘం చాటింపు వేసింది. చాకలి బట్టలు తీసుకోవడం మానేశాడు, మంగలి గడ్డం గీయడం మానేశాడు. చివరికి నా పెళ్లాం యాకమ్మ కూడా మూట కట్టుకుని ఊరి చివర తల్లిగారింటికి వెళ్లిపోయింది. ఆమె అన్న పోశాలు సంఘం మనిషి. గడీ పని మానిన రోజు తిరిగొస్తానని చెప్పి మరీ పోయింది.

మానొచ్చు. కానీ నేను కమ్మరి ముత్తయ్యను. హనుమకొండ కార్ఖానాలో ఆరేళ్లు మోటరు పని నేర్చినవాణ్ణి. మళ్లీ నాగలి కర్రులు సాగగొట్టుకుంటూ బతకమంటే నా వల్ల కాలేదు. దేవరుప్పుల చుట్టుపక్కల మోటరున్నది మా దొర ఒక్కడికే. దొరంటే నాకు అసహ్యం, ఆ ఇంజనంటే ప్రాణం. రెండూ ఒకే గడీలో ఉంటే నేనేం చేసేది?

పందెం మాఘమాసంలో. సికింద్రాబాదు అవతల ఒక మైదానంలో చినదొర స్నేహితులు సరదాకు పెట్టుకున్నది. మోటరును జనగామ తీసుకెళ్లి, స్టేషను దగ్గర ఒక రేకుల కొట్టంలో పెట్టాం. ఇంజను మంచిదే. పొగ బయటికి పోయే దారే బాగాలేదు. నాలుగు సిలిండర్ల పొగ ఒకే పోత ఇనుప పెట్టెలో పడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, సన్నటి గొట్టంలోంచి బయటపడేది. ఆ పెట్టెకు పగులు కూడా ఉంది. అందుకే మా మోటరు ముసలివాడిలా దగ్గుతూ వచ్చేది. ఆ దగ్గు ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

తెలియాల్సిన అవసరం అలాంటిది. మా అత్త లచ్చవ్వ, యాకమ్మ తల్లి, జొన్నచేలో మంచె మీద కూర్చుని పిట్టలు తోలేది. మోటరు దగ్గు వినపడగానే రేకు డబ్బా వాయించేది. పిట్టల కోసమని దొర అనుకునేవాడు. డబ్బా వినగానే పోశాలు, ఇంకో నలుగురు వాగు దాటి అడవిలో పడేవాళ్లు. దొర జనగామ నుంచి తుపాకులవాళ్లను వెంటేసుకుని మూడుసార్లు వచ్చినా ఖాళీ ఇళ్లే దొరికాయి. ఈ గుట్టు నాకు తెలుసు. గడీలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి మాత్రం మా వాళ్లలో ఎవరికీ తెలియదు.

కొట్టంలో మూడు వారాలు ఒక్కణ్ణే పనిచేశాను. గొట్టంలో ఇసుక నింపి, రెండు కొసలకూ బిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాలి. ఇసుక సరిగ్గా కూరకపోతే వంపు దగ్గర గొట్టం నలిగిపోతుంది. అలా రెండు జతలు తయారుచేశాను. మొదటి దాంట్లో నాలుగు గొట్టాలూ ఒకే పొడవు. నాలుగూ మోటరు తలుపు పక్కన ఒకే నోట్లో కలుస్తాయి. రెండోదాంట్లో ఒకటీ నాలుగూ ఒక జంట, రెండూ మూడూ ఒక జంట. ఆ జంటలు మళ్లీ కలిసి, పొడుగాటి గొట్టమై వెనకదాకా పోతాయి.

రెండింటినీ జనగామ రోడ్డు మీద మైలురాయి నుంచి మైలురాయికి తోలి చూశాం. చినదొర చేతి గడియారం నేను పట్టుకున్నాను. ఊపు మీద పోతే నాలుగు గొట్టాలది రెండు సెకన్లు ముందు. నిలబడ్డ చోటు నుంచి లేచినా, మలుపు తిరిగి అందుకున్నా జంట గొట్టాలదే పైచేయి. ఆ మైదానమంతా మలుపులేనని చినదొరే చెప్పాడు. అంటే పందేనికి జంట గొట్టాలే సరి. కానీ దాని చప్పుడు మెత్తన, ఊరి మీదికి వచ్చేదాకా వినపడదు. నాలుగు గొట్టాలది మాత్రం రెండు కోసుల దూరానికి మోగుతుంది.

నేను అబద్ధమాడాను. నాలుగు గొట్టాలదే గెలుస్తుందన్నాను. రెండు సెకన్లు చూపించాను కదా, చినదొర నమ్మాడు. ఆ రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా వాళ్లకు ఇప్పుడు ఇంకా ముందే తెలుస్తుంది, పోశాలుకు వాగు దాటే తీరిక దొరుకుతుంది అనుకున్నాను. ఎప్పుడో ఒకనాడు ఈ సంగతి యాకమ్మకు చెప్పి, దగ్గర కూర్చోబెట్టుకుని నవ్వుదామనుకున్నాను.

అంగడి రోజు మా ఊరి సారయ్య జనగామలో కనపడ్డాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. కొత్త గొట్టాల సంగతి చెబుదామా అనిపించింది. నేనే ముందు పలకాలా అని నాకు మండింది. అంత పెద్ద చప్పుడుకు మళ్లీ చాటింపు ఎందుకులే అనుకుని నేనూ మొహం తిప్పుకున్నాను.

మూడో రోజు పొద్దున చినదొర తండ్రి పెద్దదొర నలుగురు తుపాకులవాళ్లతో కొట్టానికి వచ్చి, ఊరికి పోదాం ఎక్కమన్నాడు. తోలింది నేనే. ఊరు దగ్గర పడుతుంటే కావాలనే గట్టిగా తొక్కాను. నాలుగు గొట్టాలూ ఒక్క గొంతుతో గర్జించాయి. జొన్నచేను కనపడింది. మంచె మీద లచ్చవ్వ లేచి నిలబడింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. రోడ్డు వైపు కాదు, ఆకాశం వైపు.

ఆ రోజుల్లో మామునూరులో దిగే విమానాలు మా ఊరి మీదుగానే పోయేవి. ఈ గర్జన కూడా విమానానిదే అనుకుందామె. మోటరని తెలియాలని ఇంకా గట్టిగా తొక్కాను. ఆమె తల ఇంకా పైకెత్తింది. డబ్బా మోగనేలేదు.

పోశాలు ఇంట్లో జొన్న గట్క తింటూ దొరికాడు. చేతులు విరిచి కట్టి వాగు దాకా తీసుకెళ్లి కాల్చేశారు. మోటరును అక్కడే వదిలేసి నేను నడిచి వెళ్లిపోయాను. నన్ను ఎవరూ పిలవలేదు.

దినవారాలయ్యాక అత్తగారింటికి వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు, పొమ్మననూలేదు. లచ్చవ్వ గోడకు ఆనుకుని కూర్చుని రెండు చెవులూ అరచేతులతో కొట్టుకుంటోంది.

"పాడు చెవులు. మోటరు చప్పుడు ఇననియ్యలే. నా చెవులే నా కొడుకును తిన్నయి బిడ్డా."

ఊరుకుంటే ఆ తప్పు ఆమె మీదే ఉండిపోయేది. నేను ఊరుకోలేకపోయాను. గొట్టాలు మార్చింది నేనేనని, చప్పుడు పెద్దగా ఉండాలని అబద్ధమాడి మరీ బిగించానని, మీ కోసమే చేశానని అంతా చెప్పాను. లచ్చవ్వ చేతులు దించింది.

"అయితె నా చెవులు మంచిగనే ఉన్నయా?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నయి అత్తా."

ఆమె అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె కంట నీరు రాలేదని నాకు తర్వాత తెలిసింది.

యాకమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. ఎన్నో నెలల తర్వాత నాతో మాట్లాడింది.

"సారన్న అంగట్ల కనవడ్డడంట గద. చప్పుడు మారిందని గా ఒక్క మాట చెప్పకపోయినవా?"

"ఆడు నాతోని మాట్లాడలే" అన్నాను.